చెల్లెలి ముల్లు

కోటిలింగం ముందున్న పళ్ళెంలో తొంభై ఆరు బిళ్ళలు పోగుపడ్డాయి. అంత పెద్ద గెలుపు ఆ గదిలో అంతకుముందు ఎవరికీ రాలేదు. అతను వాటిని వేలితో ఒకసారి కదిపి, "ఇంతేనేటి మేడమ్?" అన్నాడు.

మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. అతను తెల్లబోయి మా మొహాలు చూశాడు. ఆ ఒక్క మాట కోసం మేం ఆరేళ్ళు పనిచేశామని అతనికేం తెలుసు!

కోటిలింగం గాజువాకలో ఆటో విడిభాగాల కొట్టు నడిపేవాడు. పేకాటలో కొట్టు పోయింది. అయినా ఆట మానలేకపోయాడు. "ఓడిపోతే బాధేటి లేదు మేడమ్. ఎప్పుడో ఒకపాలి గెలుస్తాం గదా, అప్పుడు ఒంట్లో జువ్వ లేచినట్టుంటది. దాని కోసరమే" అని మొదటిరోజే చెప్పాడు. మా పనంతా ఆ జువ్వ మీదే.

విశాఖలో ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో, మూడో అంతస్తులో ఉండేది మా ప్రయోగశాల. నా పేరు హైమావతి. అక్కడ ఉన్న యంత్రం నా ఆలోచన. కప్పు నుంచి వేలాడే రాగి ఊచల టోపీ అది. పనివాళ్ళు దాన్ని 'గొడుగు' అన్నారు, మాకూ అదే పేరు అలవాటైపోయింది. దాని కింద కూర్చుని రంగుల చక్రం తిప్పుతూ పందెం కాస్తుంటే, పక్కన వంద గీతల పలక మీద రెండు ముళ్ళు కదిలేవి. నల్లముల్లు ఆ మనిషి మనసు గెలుపు ఖాయమని ఎంత గట్టిగా ఆశిస్తోందో చూపించేది. ఎర్రముల్లు గెలిచాక కలిగిన ఆనందాన్ని చూపించేది. నల్లముల్లు కింద ఉన్నవాడికి గెలుపు వస్తే ఎర్రముల్లు ఎగిరిపడేది. నల్లముల్లు పైనున్నవాడు అదే గెలుపు గెలిస్తే ఎర్రముల్లు కునుకు తీసేది. ఇది ఎవరైనా ఊహించగలిగేదే. నేను కనిపెట్టింది మరొకటి. గొడుగు ద్వారా ఆ నల్లముల్లును బయటి నుంచి పైకి ఎక్కించవచ్చు, కిందికి దించవచ్చు.

కోటిలింగం ముల్లును తొంభై ఐదుకు ఎక్కించాం. గెలుపు ఊకలా రుచి లేకుండా పోయింది. నెల తిరక్కుండానే అతను పేకముక్క ముట్టుకోవడం మానేశాడు. మా డైరెక్టరు పరాంకుశంగారు ఆ రోజు నా భుజం తట్టి, "నువ్వు సాధిస్తావని నాకు తెలుసమ్మా" అన్నారు. అందరూ నాతో ఎప్పుడూ అనే మాటే అది.

మూడు వారాల తర్వాత కోటిలింగం భార్య సత్తెమ్మ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పేకాట మానేసినాడు తల్లీ, నీ కడుపు సల్లగుండ. కానీ మనిషి కూడా ఎక్కడో ఆగిపోయినట్టున్నాడు. మొన్న మనవరాలు మొదటి అడుగేసింది. ఇంటిల్లిపాదీ గోలగోల. ఈయనేమో 'నడవకేటి సేస్తది?' అన్నాడు. సేపల పులుసంటే ప్రాణం ఇచ్చేవోడు, నోట్లో ఎట్టుకుని 'ఇంతేనా' అంతన్నాడు. అన్నిటికీ అదే మాట. ఇదేటమ్మా?"

"కొద్దిరోజుల్లో తగ్గుతుంది" అన్నాను. ఆమె వెళ్ళాక దస్త్రంలో ఒక వాక్యం రాశాను: 'ఆశ పెంపు ఆటను దాటి మిగతా జీవితంలోకి పాకుతున్నట్టు అనుమానం.' తేదీ వేసి సంతకం పెట్టాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

తరువాతి దశకు జూదం అలవాటు లేని మామూలు మనుషులు కావాల్సివచ్చారు. వాళ్ళ ముళ్ళు ఎక్కడుంటాయో చూసి జూదగాళ్ళతో పోల్చాలి. పరాంకుశంగారు మా వాళ్ళనే ఎవరినైనా పిలవమన్నారు. నేను మా చెల్లెలు నీలవేణిని పిలిచాను.

నీలు నాకంటే రెండేళ్ళు చిన్నది. సీతమ్మధారలో ఉంటుంది. భర్త జోగారావు పోర్టులో క్రేను నడుపుతాడు. అమ్మ పోయాక నాన్న కూడా వాళ్ళ దగ్గరే ఉంటున్నాడు. వాళ్ళ అపార్టుమెంటులో ఆడవాళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం సెల్లారులో, టికెట్ల మీద అంకెలు కొట్టేసే హౌసీ ఆడతారు. నీలు ఒక ప్లాస్టిక్ మగ్గు గెలిచినా, చెంచాల స్టాండు గెలిచినా నాకు ఫోటో పంపేది. కింద వరసగా పది ఆశ్చర్యార్థకాలు.

ఆ బుధవారం ఉదయం నీలు గొడుగు కింద కూర్చుంది. నల్లముల్లు నాలుగు దగ్గర ఆగింది. పరాంకుశంగారు అది ఇరుక్కుందనుకుని అద్దం మీద వేలితో కొట్టి చూశారు. ఇరుక్కోలేదు. మా దగ్గర అప్పటిదాకా నమోదైన అతి తక్కువ అంకె ఇరవై ఒకటి.

చక్రం ఆగింది. మూడు ఆకుపచ్చ బిళ్ళలు పళ్ళెంలో పడ్డాయి.

"అక్కా! నాకే! నాకే వచ్చిందే!"

ఎర్రముల్లు అంచుకు వెళ్ళి టక్కున కొట్టుకుంది. నీలు కుర్చీలోంచి లేవబోయి, టోపీ అడ్డొచ్చి, పక్కనే గది తుడుస్తున్న అప్పలనర్సమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది. నర్సమ్మ నవ్వింది. కుర్ర శాస్త్రవేత్తలు నవ్వారు. ఏనాడూ నవ్వని పరాంకుశంగారు నవ్వారు. ఇరవై ఆటల్లో ఎనిమిది గెలుపులు. ఆ ఎనిమిదీ అందరికీ ఒకేలా ముందే అమర్చి పెట్టినవి. నీలు ఎనిమిదిసార్లూ అదే కేక వేసింది. ఎనిమిదోసారి కూడా మొదటిసారిలాగే.

యంత్రం తయారైన కొత్తలో దాని కింద మొదట కూర్చున్నది నేను. నా నల్లముల్లు ఎనభై ఎనిమిది చూపించింది. ఎనిమిది గెలుపులకూ ఎర్రముల్లు కదల్లేదు. తీగ ఊడిందేమోనని విప్పి చూశాం. ఊడలేదు.

ఆ రోజు నీలు వెళ్ళిపోయాక కూడా గదిలో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. "మన వ్యాసానికి ఈ అమ్మాయే ప్రాణం. మళ్ళీ మళ్ళీ రప్పించు" అన్నారు పరాంకుశంగారు. నేను తలూపాను. ఎర్రముల్లు అంచుకు కొట్టుకున్న ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు.

కాకినాడలో మా నాన్నకు టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. వీధిగదిలో పన్నెండు మిషన్లు. పదో తరగతిలో నాకు ఆరువందలకు ఐదువందల తొంభై ఒకటి వచ్చాయి. జిల్లాలో మొదటి స్థానం. నాన్న కాగితం చూసి కళ్ళజోడు సర్దుకుని, "ఆ తొమ్మిదీ ఎక్కడ పోయినట్టు?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. రెండేళ్ళ తర్వాత నీలుకు లెక్కల్లో ముప్ఫై ఏడు వచ్చాయి. గట్టెక్కింది. నాన్న పరుగెత్తుకెళ్ళి రెండు కిలోల కాజాలు తెచ్చి, టైపు నేర్చుకుంటున్న వాళ్ళందరికీ పంచాడు. ఆ పూట పన్నెండు మిషన్లూ ఆగిపోయాయి. నా ఫలితం వచ్చిన రోజు ఒక్కటీ ఆగలేదు.

ఇదంతా చిన్నప్పటి సంగతి, మరిచిపోయాననే అనుకున్నాను.

నీలు వచ్చి వెళ్ళాక, తర్వాతి సోమవారం ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఏటి వైజ్ఞానిక పురస్కారం నాకు. ఉత్తరం చేతిలో పట్టుకునే నాన్నకు ఫోను చేశాను.

"అలాగా! మంచిది" అన్నాడు నాన్న. "నీకు రాక ఎవరికొస్తుందే? ఎప్పుడో రావల్సింది. ఇదిగో, మన నీలు ఏం చేసిందో తెలుసా? నిన్న ఫుల్ హౌసీ కొట్టింది! కుక్కరొచ్చింది! ఐదు లీటర్లది! రాత్రి దాంట్లోనే పప్పు వండి ఫ్లోరంతా పంచింది. ఏమయ్యా జోగారావూ, ఆ కుక్కరు ఫోటో మీ వదినకి పంపించావా లేదా?"

ఆయన నవ్వుతూ పదిహేను నిమిషాలు కుక్కరు గురించి చెప్పాడు. వెనకనుంచి నీలు "అక్కకి విజిల్ వినిపించు నాన్నా" అంటోంది.

అసూయను కడుపుమంట అంటారు. నాకు మంటేమీ పుట్టలేదు. కడుపులోకి చల్లటి ఇనపగుండు ఒకటి దిగి కూర్చున్నట్టయింది. నాకు కుక్కరు అక్కర్లేదు. నాన్న పొగడ్త కూడా అంతగా అక్కర్లేదు. నాకు కావల్సింది ఆ నాలుగు. చెల్లెలి నల్లముల్లు ఆగిన ఆ అంకె.

మరుసటి బుధవారం నీలు వచ్చింది. కుర్రవాళ్ళను టీకి పంపించాను.

మీట తొంభై ఐదుకు తిప్పాను. ముల్లు నాలుగు దగ్గర మొరాయించింది. కాస్త పైకి వెళ్ళి మళ్ళీ జారింది. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో నీలు, "అక్కా, ఇవాళ తల వెచ్చగా ఉందేంటే?" అంది.

"ఉక్కపోత" అన్నాను.

చక్రం తిరిగింది. మూడు ఆకుపచ్చ బిళ్ళలు పడ్డాయి. నీలు వాటిని చూసింది. నోరు తెరిచింది. కేక రాలేదు. రావలసినదేదో గుర్తు రానట్టు కాసేపు అలాగే ఉండి, "సరే, తర్వాతది తిప్పు" అంది.

ఆ రోజు దస్త్రంలో 'మార్పులేమీ చేయలేదు, కొలత మాత్రమే' అని రాశాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం.

భోజనాల వేళ గది ఖాళీ అయింది. నేనే గొడుగు కింద కూర్చుని, మీట నాలుగుకు తిప్పుకున్నాను. చక్రం తిప్పిన ఐదో ఆటలో ఒక్క ఎర్రబిళ్ళ పడింది. ఒక్కటే. దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఏడ్చాను. కోటిలింగం చెప్పిన జువ్వ పొత్తికడుపులోంచి లేచి మాడుకు తగిలింది. నలభై మూడేళ్ళలో నేను గెలిచిన పతకాలూ, పట్టాలూ, ఢిల్లీ ఉత్తరమూ అన్నీ కలిపినా ఆ బిళ్ళకు తూగవు. 'ఇన్నాళ్ళూ నీలు ఇందులో బతికిందా? రోజూ? మగ్గు గెలిస్తే కూడానా?' అనుకున్నాను. జాలి కలగాల్సిన చోట అసూయ ఇంకో రెండింతలు పెరిగింది.

ఇంటికి వెళ్తుంటే చెయ్యి ఎత్తగానే ఆటో ఆగింది. దానికే సంబరం. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. దానికీ సంబరం. వారం తిరిగేసరికి ఆ మత్తు దిగిపోయింది. బుధవారం మళ్ళీ గొడుగు కింద కూర్చున్నాను.

నాలుగు బుధవారాలు అలా జరిగింది. పొద్దున చెల్లెలి ముల్లు పైకి, మధ్యాహ్నం నా ముల్లు కిందికి. ఒకదానికీ మరొకదానికీ సంబంధం లేదు. నన్ను దించుకోవడానికి దాన్ని ఎక్కించాల్సిన పనే లేదు. అది నాకంటే బాగా తెలిసినవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. అయినా రెండూ ఒకే తక్కెడ సిబ్బెలని నా మనసు నమ్మింది.

ఆ నెలంతా నేను దేనికోసమూ ఎదురుచూడలేదు. ఎదురుచూపు లేకపోతే లోటు తెలియదు. నీలు నుంచి ఫోటోలు ఆగిపోయాయన్న సంగతి కూడా నేను గమనించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం జోగారావు ఫోను చేశాడు.

"వదినగారూ, ఒకసారి ఇంటికొస్తారేటండీ? నీలు మనిషి బాగోలేదండీ."

"జ్వరమా?"

"జ్వరమైతే డాక్టరుకే చెబుదును గదండీ."

నేను వెళ్ళేసరికి సెల్లారులో ఆట నడుస్తోంది. ఇరవైమంది ఆడవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చున్నారు. లలితాంబగారని పెద్దావిడ గుడ్డసంచీలోంచి అంకెల బిళ్ళలు తీసి పిలుస్తోంది. అందరి చేతుల్లో తలొక టికెట్టు. నీలు ఒళ్ళో ఆరు. అది ఎవరితోనూ మాట్లాడటం లేదు. సంచీ వంక చూస్తోంది, అందులో ఉన్నది తన వస్తువే అయినట్టు.

"పదిహేడు" అంది లలితాంబగారు.

"హౌసీ!" అని ఎదుటివైపు నుంచి ఒక అమ్మాయి లేచింది.

నీలు కూడా లేచింది. "నలభై మూడేది?" అంది.

"ఇంకా రాలేదమ్మా."

"రాకపోవడమేంటి? నాకు ఆ ఒక్కటే మిగిలింది. రావాలి. మీరు తీసేశారు."

"అదేం మాట నీలవేణీ! ఆట కాదూ ఇది?"

నీలు సంచీ లాక్కుని గచ్చు మీద బోర్లించింది. బిళ్ళలు కార్ల కిందికి దొర్లిపోయాయి. అది మోకాళ్ళ మీద కూర్చుని, చీరకు ఆయిలు మరకలు అంటుకుంటున్నా చూసుకోకుండా, కార్ల కింద చేతులు పెట్టి వెతికింది. చివరికి నలభై మూడు దొరికింది. దాన్ని అందరికీ చూపిస్తూ, "ఇదిగో! నాది! ముందే రావాల్సింది. నాకు తెలుసు నాదేనని!" అంటూ నిలబడింది. ఆడవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. కుక్కరు గెలిచిన రోజు దాని పప్పు తిన్నవాళ్ళే అందరూ. లలితాంబగారు మెల్లగా, "వచ్చే వారం నుంచి కొన్నాళ్ళు రాకమ్మా" అంది.

జోగారావు నన్ను పక్కకు పిలిచాడు. "ఇదొక్కటే కాదండీ. పగలంతా ఫోనులో రమ్మీ ఆడతాంది. స్కూటీ అమ్మేసింది. ఓడిపోతే ఆడు దొంగ, ఈడు దొంగ అంటాది. గెలిస్తే సంతోషమా అంటే అదీ లేదు. మల్లెపూలు తెస్తే, తెస్తారని తెలుసు అంటాది. నాను క్రేను దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నవ్వుతూ నిలబడేదండీ. ఇప్పుడు లేటెందుకైందని అడుగుతాంది, అంతే."

అప్పుడు నాకు జరిగింది అర్థమైంది. కోటిలింగం అప్పటికే ఆటలో అలిసిపోయినవాడు. రుచి పోగానే వదిలేశాడు. నీలు అలిసిపోలేదు. దాని మనసులో నేను పెట్టింది, గెలుపు ఖాయమన్న నమ్మకం. ఖాయమైనది చేతికి రాకపోతే అది ఓటమి అనిపించదు, దోపిడీ అనిపిస్తుంది. దోచుకున్నది తిరిగి తెచ్చుకోవాలని మనిషి మళ్ళీ పందెం కాస్తాడు. జూదం మాన్పించే యంత్రంతో, జూదమే ఎరగని మనిషిని నేను జూదగత్తెను చేశాను.

నీలు మేడ మీదికి వెళ్ళిందన్నారు. ఆరేసిన దుప్పట్ల మధ్య పిట్టగోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"నాకేదో అయిందక్కా" అంది. "పొద్దున లేవగానే ఇవాళ అంతా నాకే వస్తుందనిపిస్తుంది. రాకపోతే ఎవరో లాక్కున్నట్టుంటుంది. వస్తే... వస్తే ఏమీ లేదు. ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు. నువ్వు చిన్నప్పట్నుంచీ ఇలాగే ఉండేదానివి కదూ? ఫస్టు వచ్చినా మొహం అలాగే పెట్టుకునేదానివి. నేను నీకు పొగరనుకునేదాన్ని. ఇలాగెలా బతికావే ఇన్నాళ్ళూ?"

నేను పిట్టగోడ పెచ్చును గోటితో గీకుతున్నాను.

"నాకు నువ్వంటే ఎంత కుళ్ళో తెలుసా?" అంది మళ్ళీ. "పది పాసైనప్పుడు నాన్న కాజాలు పంచాడు చూడు. ఆ రోజు ఎగిరి గంతులేశాను. పెద్దయ్యాక అర్థమైంది. నేను తప్పుతానని వీధి మొత్తానికీ ముందే తెలుసన్నమాట! నా మీద ఎవరికీ ఆశే లేదు, అందుకే అంత సంబరం. నీ తొమ్మిది మార్కుల కోసం నాన్న కాగితం తిప్పి తిప్పి చూశాడు. నాకు మార్కులు ఎక్కడ పోయాయని అడిగినవాడు లేడు. ఒక్కసారైనా నన్నూ అలా అడిగితే బాగుండునని ఏడ్చేదాన్నే."

దుప్పటి ఒకటి గాలికి మా మీదికి వచ్చింది. దాన్ని తొలగిస్తూ చెప్పేశాను. ఉత్తరం, కుక్కరు, టీకి పంపిన కుర్రవాళ్ళు, తొంభై ఐదు, నా నాలుగు. సత్తెమ్మ వచ్చి చెప్పిన సంగతి కూడా దాచలేదు.

నీలు దుప్పటి అంచును వేలికి చుట్టుకుంటూ విన్నది.

"నీది ఎంతుంటుందన్నావ్?"

"ఎనభై ఎనిమిది."

"అయితే నీకంటే ఎక్కువే పెట్టావు" అంది. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "సరిసమానం చేస్తే కూడా నీకు చాల్లేదన్నమాట."

"రేపే రా నీలూ. దించేస్తాను. నాలుగు వారాల్లో..."

"నా తల ముట్టుకోకు." లేచి నిలబడింది. "దించడానికి కూడా ముట్టుకోకు. ఇంటికి రాకు."

మర్నాడు నేను జరిగినదంతా కాగితం మీద రాసి, దస్త్రాలతో కలిపి పరాంకుశంగారి బల్ల మీద పెట్టాను. ఆయన చదువుతున్నంతసేపూ నిలబడే ఉన్నాను. "నీ నుంచి ఇది నేను ఊహించలేదు" అన్నారు. నేను జీవితంలో మొదటిసారి ఎవరి ఊహకైనా అందకుండా పోయాను. అది ఇలా జరిగింది.

గొడుగు మీటకు తాళం వేశారు. పురస్కారం వద్దని ఢిల్లీకి రాశాను. ఉద్యోగం పోయింది. కేంద్రం వాళ్ళు కోటిలింగాన్నీ నీలునూ నెలకోసారి పిలిపించి, కొలత మాత్రం తీసేవారు. దించడానికి నీలు ఒప్పుకోలేదు, కోటిలింగం కుటుంబమూ ఒప్పుకోలేదు. ఐదో నెలలో అప్పలనర్సమ్మ నాకు బజారులో కనిపించి కబురు చెప్పింది. కోటిలింగం ముల్లు దానంతటదే డెబ్భైకి దిగిందట. సత్తెమ్మ వచ్చి, పులుసులో ఉప్పు తక్కువైందని మొగుడు తిట్టాడని సంతోషంగా చెప్పి వెళ్ళిందట.

"మీ చెల్లెలుగారిది మాత్రం ఎనభై మీదే ఉందమ్మా" అంది నర్సమ్మ. "ఆట మానేసినారంట గానీ."

ఆ ఆదివారం నేను సీతమ్మధార వెళ్ళాను. తలుపు తీయదని నాకు తెలుసు. జోగారావు తీసి 'ఇంట్లో లేదండీ' అంటాడు, లేకపోతే నాన్న తీసి తల వంచుకుంటాడు అనుకున్నాను. మెట్లెక్కుతుంటే వెనక్కి పోదామనిపించింది. బెల్లు ఒక్కసారే నొక్కి, అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది. నీలు.

నా లోపల జువ్వ లేచింది. ఏ యంత్రమూ లేదు, ఏ మీటా లేదు. నవ్వో ఏడుపో తెలియని మొహంతో గుమ్మంలో నిలబడిపోయాను. నీలు నన్ను చూస్తోంది. దాని మొహంలో ఏ కదలికా లేదు.

"లేటైంది" అంది.

"నువ్వు... తలుపు తీస్తావనుకోలేదే."

"తెలుస్తూనే ఉంది, నీ మొహం చూస్తుంటే." దాని కళ్ళు నా మొహాన్ని వదలడం లేదు. "రాకు అన్నానే గానీ, ఆ వచ్చే ఆదివారమే వస్తావనుకున్నా. తర్వాతి ఆదివారం వస్తావనుకున్నా. ప్రతి ఆదివారం. నాన్నా ఆయనా తిడుతున్నా నీక్కూడా కలిపే బియ్యం పోస్తున్నా. రాని ప్రతిసారీ నన్ను ఎవరో దోచుకున్నట్టే ఉండేది. ఇప్పుడొచ్చావు. వస్తావని తెలుసు కాబట్టి నాకేమీ అనిపించట్లేదు, అక్కా. ఏమీ లేదు."

"నీలూ..."

"కుళ్ళుగా ఉందే" అంది. "నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది. ఆ సంబరం నాది కదే."

నేను దాని చెయ్యి పట్టుకోబోయి ఆగాను. అదే నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగింది. నాన్న సోఫాలోంచి చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. నీలు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి అన్నం వడ్డించింది. తను ఎదురుగా కుర్చీ లాక్కుని, చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"చెప్పు" అంది.

"ఏం చెప్పనే?"

"తలుపు తీసినప్పుడు ఎలా ఉందో చెప్పు. ఎక్కడ మొదలైంది? కడుపులోనా, గుండెలోనా? మెల్లగా చెప్పు. నేను మర్చిపోతున్నాను."

అన్నం చల్లారిపోయింది. నేను మొదటినుంచీ, మెట్ల దగ్గర్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. అది కళ్ళు మూసుకుని వింటూ, మధ్యలో ఆపి, "ఆ మాట మళ్ళీ చెప్పు" అంటోంది.